జర జరుగు

కొత్తవాడలో మగ్గాలు ఆగిపోయిన షెడ్డు
కిరాయికి దొరికింది.
గుంటలు పూడ్పించి గచ్చు చేయించిన.
ఇప్పటికీ తడిగుడ్డ పెడితే
నాలుగు చోట్ల మాత్రం ఆలస్యంగా ఆరుతది,
కింద ఎవరి కాళ్లో ఇంకా ఆడుతున్నట్టు.

మే నెల. తలుపు మూసుకొని
మొదట చేసిన పని మోకాళ్ల మీద నడవడం.
మూడేండ్ల ఎత్తు నుంచి చూస్తే
గది అంటే కిటికీ కింది గోడే,
బల్లల అడుగున తేలిన మొలలే.
ఆకాశం కనిపించదు.

వడ్ల ఓదెలును పిలిచి
కిటికీకి దిగువన అరలు కొట్టమన్న.
"ఇంత కిందికా మేడం? పిల్లలకు అందుతయి గదా!"
అందాలనే ఓదెలన్నా.
నమ్మక, కొలతకర్ర రెండుసార్లు తిప్పి చూసిండు.

ఆయన తప్పేం లేదు.
నేను చదివిన పరకాల బడిలో
గ్లోబు బీరువాలో ఉండేది,
తాళంచెవి పెద్దసారు జేబులో.
తనిఖీ రోజు బయటకొచ్చి
భూమి ఒక్క చుట్టు తిరిగి లోపలికి పోయేది.
ఏడో తరగతి దాటినా
నా వేలు ఒక్క సముద్రాన్నీ తాకలేదు.

ఎడమ నుంచి కుడికి
తేలిక నుంచి కష్టానికి పేర్చిన:
కందులూ పెసలూ కలిపిన గిన్నె, పక్కన రెండు ఖాళీవి,
మక్కగింజలు ఒంపుకునే ఇత్తడి చెంబులు,
గుండీల చట్రం,
గరుకు కాగితం అక్షరాలు.
'అ' కోసి అతికించేసరికే
నా చూపుడువేలి తోలు లేచింది,
'క్ష' ఎన్నడు చేరుకోవాలె!
గాజు గ్లాసు గాజుదే పెట్టిన.
పగిలేది పగులుతదని తెలియాలె గదా.

ఏదైనా ఒక్కటే.
ఇంకోటి కొనరాదా అన్నది ఆయమ్మ కొంరమ్మ.
ఒక్కటుంటేనే, పక్కోడు చేసేదాకా ఆగుడు వస్తదక్కా.
"మా ఇంట్ల ఒక్కటే మంచం.
ఆగుడు రాలే, కొట్లాట వచ్చింది,"
అని చీపురు అందుకుంది.
ఆ మాట కూడా రాసిపెట్టుకున్న.

వీధి చివర సాంబయ్య తాతకు చెప్పిన:
మూరెడు వెడల్పు, రెండు మూరల పొడుగు,
పిల్ల చుట్టి చంకలో పెట్టుకునేంత.
యాభై ఏండ్లు పెండ్లిపందిళ్ల కొలతకు నేసినాయన నవ్విండు:
"ఇది జంపఖానా కాదు బిడ్డా, దాని మనుమరాలు."
పరిచినంత మేర పరిచినోళ్ల రాజ్యం.
అంచు తొక్కకుండా తిరిగి పోవాలె, నేనైనా.

జూన్‌లో ఇరవై ఇద్దరు వచ్చిండ్రు.
వారం రోజులు ఏడుపు, గదంతా మక్కల వాన.

పదో రోజు ఇనాయ చెంబుతో నీళ్లు ఒంపుతూ
సగం గచ్చు మీద పోసింది.
నా కాళ్లు అప్పటికే కదిలినయి.
కొంగు చేతిలోకి వచ్చింది కూడా.
చేతులు వెనక్కి కట్టుకున్న,
ఒక చెయ్యి ఇంకో చేతిని
పోలీసు లెక్క పట్టుకుంది.
నీళ్లు మెల్లగా పాత మగ్గం జాడ దాకా పాకినయి.
ఇనాయ నీళ్లను చూసింది. నన్ను చూసింది.
నేను కిటికీ అవతల, ఎనుమాముల దిక్కు పోయే
ట్రాలీ ఆటోను చూసిన.

లేచింది.
తన చెవి ఎత్తున కొట్టిన మొల దగ్గరికి పోయి
తన అరచేతులకు సరిపడే గుడ్డ తీసింది.
తుడిచింది, పిండింది, తుడిచింది.
గుడ్డ మళ్లీ మొలకు వేస్తుంటే
మూడుసార్లు జారింది,
నాలుగోసారి ఆగింది.
అంతసేపు నా ఊపిరి ఎక్కడ పెట్టిన్నో.

సాయంత్రం లెక్క చూసుకున్న.
చెంబుకు పళ్లెం, గుడ్డకు మొల,
చీపురుకు గోడ మీద గీసిన చీపురు బొమ్మ.
దేని జాగ దానికుంది.
నా కుర్చీ నేనే బయట పెట్టించిన,
నా జాగ మాత్రం ఎక్కడా గుర్తు పెట్టలే.

తెల్లారి అరల పక్కన నిలబడి
ఇదంతా నా పొందికే గదా అని
కొంచెం గర్వంగానే చూసుకుంటున్న.
లోక్షిత చంకలో జంపఖానా చుట్టతో వచ్చి
నా ముందర ఆగింది.
పలకరిస్తదనుకొని వంగిన.

"టీచర్," అన్నది చాలా మర్యాదగా,
"జర జరుగు."

జరిగిన.